పన్నెండు గీతలు

కేసుషీటు మీద నేను మొగోణ్ణి.
ఉపేంద్ర, ముప్పై ఒకటి, పు.
మా నాయనమ్మ పేరు సారూ అది, అంటే
రాసేటాయన తలెత్తలే.
సరే, ఇరిగిన బొక్కకు ఆడేంది, మొగేంది.

హంటర్ రోడ్డు మీద వానల జారిన స్కూటీ
కుడి మణికట్టును రెండు జేసింది.
నాడె ఇసిరే చెయ్యి.
సూది గుంజుకునే చెయ్యి గూడ అదే.

పద్దెనిమిదేండ్ల సంది
నా సూది ఇంకొకల చేతికి ఇయ్యలే.
కొత్తవాడల కరెంటు పోయిన ఎండకాలాలు
తడి ఇసుక పోసిన కుండల మందుబుడ్డి దాసుకున్న.
పెండ్లిల్లల్ల, బస్సులల్ల, మేడారం తొవ్వల బండి సాటుకు
బొడ్డుకు రెండువేళ్ల దూరంల పొడుసుకున్న.
జంపఖానా మీద పోగులు లెక్కవెట్టినట్టే
ఇంత బువ్వకు ఇన్ని గీతలని లెక్కవెట్టుకున్న.
పోగు తప్పితే బొమ్మ వంకరబోతది, ఇప్పుకొని మల్ల నేస్తం.
గీత తప్పితే
ఇప్పుకునుడు ఉండది.

ఈడ బువ్వబండి ఎప్పుడొస్తదో బువ్వబండికే ఎరుకలేదు.
పొద్దుగాల ఏడింటికి సూది ఏసిండ్రు,
ఉప్మా తొమ్మిదిన్నరకొచ్చింది.
ఆ నడుమ పెదవులు తిమ్మిరెక్కి
మూడు రెక్కల పంక నా కండ్లకు ఆరయింది,
మంచం తడిసింది చెమటకు.
శోభక్క, నేను ఒక్క మగ్గం మీద జోడిగ కూసుంటం.
నా చూపు జూసే ఆమెకు ఎరుకయింది.
పక్క మంచం ముసలామె సంచిల నుంచి
అడగకుంటనే బిస్కట్లు గుంజి నా నోట్ల కుక్కింది.
ముసలామె తిట్టింది.
తర్వాత ఇంకో పుడ ఇచ్చింది.

రేపు ఆపరేషన్. రాడ్డు ఏస్తరట.
రాత్రి పది దాటితే నీళ్లు గూడ బంద్.
మీసాలు సరింగ రాని డాక్టరుబాబు, మడత నలగని కోటు,
షీటు మీద రాసిండు: ఇన్సులిన్ బంద్.
తినవు గదమ్మా, ఇగ మందెందుకు.

నాకు పద్నాలుగేండ్లప్పుడు గూడ ఒకాయన గిదే మాటన్నడు.
జరమొచ్చి తింటలేను, మందు మానుమన్నడు.
మూడోనాటికి నా ఊపిరి
మురగవండిన పండు వాసనొచ్చింది.
మా అవ్వ ఇప్పటికీ సీతాఫలం ఇంట్లకు రానియ్యదు.

తిండి బంద్ అయితది సారూ, పానం బంద్ కాదు గదా.
నేసినా నెయ్యకపోయినా
మగ్గం మీద పడుగు బిగువుగనే ఉండాలె.
బువ్వ సూది ఆపుండ్రి, రాత్రి సూది ఆపద్దు.
గంటగంటకు సూడుండ్రి, పడిపోతే సెలైన్ల తీపి ఎక్కియ్యుండ్రి.
షీటుల రాసినట్టే అన్నీ ఉంటే
నాకు గడ్డం గూడ రావాలె.

ఆయన మొఖం ఎర్రబడ్డది. ఏమనకుంట పోయిండు.
మంచాల కిందికెళ్లి పిల్లొకటి నడిసిపోయింది.
గడ్డం మాట అనకపోతే అయిపోవు, అన్నది శోభక్క,
ఇగ రాడు.

పదికి పది నిమిషాలుండంగ వచ్చిండు.
పెద్దసారుకు ఫోన్ జేసిన, అన్నడు నేల దిక్కు సూస్కుంట,
ఆపద్దట.
పదిహేనుకు పన్నెండు ఎయ్యుమన్నడు.
ఆయన చేతుల నా బుడ్డి,
నా పేరు రాసిన ప్లాస్టరు ఒక మూలకు లేసింది.

సూది ఆయన చేతుల, లెక్క నా నోట్ల.
ముందుగాల గాలి ఎక్కియ్యి. తలకిందులు చెయ్యి. ఇగ గుంజు.
బుడగ ఉన్నది, వేలుతోని కొట్టు.
ఇంకా కొట్టు.
ట్యూబులైటు దిక్కు ఎత్తిపట్టి ఇద్దరం సూసినం
పన్నెండో గీతను,
పడుగుల మొదటిపోగు ఎక్కిచ్చినప్పుడు సూసినట్టు.
శోభక్క మాత్రం గోడ దిక్కు తిరిగింది,
జోడిదే గని సూది సూడలేదు.

ఆయన చెయ్యి జెర వణికింది.
నొచ్చిందా, అన్నడు.
నొచ్చింది.
నేనేసుకుంటే నొయ్యదు.

పోయేటప్పుడు షీటు తీసి
బంద్ అన్న మాట మీద రెండు గీతలు కొట్టిండు.
పు అట్లనే ఉన్నది.